కొండకు చిత్రకారుడి బాకీ

దృశ్యచిత్రాలు వేసే చిత్రకారుణ్ణి మన విమర్శకులు రెండు ప్రశ్నలు అడుగుతూ వచ్చారు. నీ పద్ధతి స్వదేశీయమా, అరువు తెచ్చుకున్నదా అన్నది ఒకటి. నీ చిత్రంలో మనిషి ఏడీ అన్నది ఇంకొకటి. మొదటిది సంప్రదాయవాదుల ప్రశ్న. రెండవది మనది, అంటే అభ్యుదయ సాహిత్యం చదువుకొని పెరిగినవాళ్లది. రెండూ అడగదగినవే. కాని వాటి మధ్య పడి మరొక ప్రశ్న నలిగిపోతున్నదని నా అభిప్రాయం. చిత్రకారుడు ఒక కొండ ఎదుట కూర్చుంటాడు. దాని రూపాన్నీ, వెలుగునీడలనూ తీసుకుంటాడు. ఆ తీసుకున్నదాని మీద పేరూ, కొంత డబ్బూ సంపాదిస్తాడు. అందుకు బదులుగా అతడు ఆ కొండకు, దాని కింద బతికేవాళ్లకు ఏమైనా బాకీ పడతాడా? పడితే ఆ బాకీని అడిగే అధికారం ఎవరికున్నది?

ముందుగా అరువు సంగతి తేల్చుకుందాం. ఈ తగువు అన్నిచోట్లకన్న గట్టిగా జరిగింది చైనాలో. వెయ్యేళ్లకు పైగా కొండనే ప్రధాన వస్తువుగా పెట్టుకున్న చిత్రకళ వాళ్లది. దృశ్యచిత్రానికి వాళ్ల పేరే 'షాన్ షుయ్': కొండ, నీరు. పదకొండవ శతాబ్దంలో గువో షీ అనే చిత్రకారుడు కొండను కింద నుంచి పైకి చూడటం, ముందు నుంచి లోపలికి చూడటం, దగ్గర నుంచి దూరానికి చూడటం అని చూపును మూడు విధాలుగా విభజించాడు. 1072లో అతడు వేసిన 'తొలి వసంతం' నేటికీ నిలిచి ఉన్నది. ఆ చిత్రంలో చూసేవాడు ఒక్కచోట నిలబడడు. కన్ను కొండ ఎక్కుతుంది, లోయలోకి దిగుతుంది. ఐరోపా చిత్రకారుడైతే కుర్చీ వేసి, ఇక్కడే కూర్చొని చూడమంటాడు.

ఇంతకన్న ముఖ్యమైన సంగతి ఇంకొకటి ఉన్నది. రాతి పైభాగాన్ని చూపటానికి వాడే కుంచె గీతలకు చైనా వాళ్లు వేరువేరు పేర్లు పెట్టుకున్నారు. గొడ్డలితో నరికినట్టు పడేది ఒక గీత. జనపనార విప్పి పరిచినట్టు మెత్తగా సాగేది ఇంకొకటి. గొడ్డలి గీత మా యువాన్, షియా గుయ్ వంటి వారి చేతుల్లో కోణాలు తేలిన గట్టి రాతికి పనికివచ్చింది. నార గీత పదవ శతాబ్దపు దోంగ్ యువాన్ చేతిలో యాంగ్‌చీ నదికి దక్షిణాన ఉన్న, మట్టి కప్పుకున్న మెత్తని కొండలకు పనికివచ్చింది. ఈనాడు సంప్రదాయమని దండం పెడుతున్నది ఆనాడు ఒక నేల ఒక కుంచెకు పెట్టిన పరీక్షకు జవాబు. ఈ సంగతి మరచిపోయినవాళ్లే గీతను గుడిలో పెట్టి తాళం వేస్తారు.

ఇరవయ్యవ శతాబ్దంలో చైనా చిత్రకారులకు ఆ తాళం తీయవలసిన అవసరం వచ్చింది. షూ బెయ్‌హోంగ్ 1919లో పారిస్ వెళ్లి, అక్కడి పద్ధతిలో రేఖాభ్యాసం, వెలుగునీడలు నేర్చుకొని వచ్చి, అవే కొత్త కళకు పునాది కావాలన్నాడు. పాన్ తియాన్‌షో ఒప్పుకోలేదు. తూర్పు పడమరల చిత్రకళల మధ్య దూరం ఉండటమే మంచిదన్నాడు. లీ కెరాన్ యువకుడుగా పాశ్చాత్య పద్ధతి నేర్చి, నడివయసులో చీ బైషీ, హువాంగ్ బిన్‌హోంగ్ అనే వృద్ధ గురువుల దగ్గర మళ్లీ శిష్యుడుగా చేరి, 1954లో సిరా, కుంచె మూటగట్టుకొని కొండల మీదికి పోయాడు. అతని కొండలు ఎదురెండలో నిలిచిన కొండలు. ఒళ్లంతా నలుపు, అంచున సన్నని వెలుగు. అంతవరకూ చైనా చిత్రంలోని కొండ తన మీద ఎండ ఏ పక్క నుంచి పడుతున్నదో చెప్పే పని పెద్దగా పెట్టుకోలేదు. లీ కెరాన్ ఆ వెలుగును పడమటి నుంచి తెచ్చాడు, నలుపును హువాంగ్ దగ్గర నేర్చాడు. చిత్రంలో ఏది ఎవరిదో విడదీయాలని కూర్చున్నవాడికి చివరకు మిగిలేది రెండు పాత్రల్లో నీళ్లు, సిరా; చిత్రం కాదు.

ఇక మన దగ్గరికి వద్దాం. తెలుగునాట ఈ తగువు వేరొక వేషంలో వచ్చింది. రాజమండ్రిలో దామెర్ల రామారావు (1897–1925) కాలేజీ ప్రిన్సిపాలు కూల్డ్రే ప్రోత్సాహంతో బొంబాయి వెళ్లి చదువుకొని, తిరిగివచ్చి 1923లో చిత్రకళాశాల పెట్టాడు. బందరు జాతీయ కళాశాలలో ప్రమోదకుమార్ చటోపాధ్యాయ బెంగాలీ పద్ధతి నేర్పాడు. ఇది జాతీయం, అది విదేశీయం అని వాదులాట. తమాషా ఏమిటంటే, 'జాతీయం' అనిపించుకున్న బెంగాలీ 'వాష్' పద్ధతికి కూడా అరువు ఉన్నది. 1903లో కలకత్తా వచ్చిన యొకొయామా తైకాన్, హిషిదా షున్సో అనే జపాన్ చిత్రకారుల దగ్గర చూసి అవనీంద్రనాథుడు దాన్ని తనదిగా మలచుకున్నాడు. కాగితాన్ని తడిపి, రంగును కడిగి, మళ్లీ తడిపి తెచ్చే ఆ మసకలో జపాన్ పొగమంచు ఉన్నది, బెంగాల్ తేమ ఉన్నది. మే నెల మిట్టమధ్యాహ్నం జగిత్యాల గుట్ట మీద లేనివి ఆ రెండే.

మన సంప్రదాయంలోనే వెతుక్కుందామా? నకాషీల పటాలు మన ఘనమైన ఆస్తి. కులపురాణాలు చెప్పేవాళ్ల కోసం చేర్యాల నకాషీలు ఎర్రని నేల మీద వేసిన బొమ్మల్లో మనుషులున్నారు, దేవతలున్నారు, కథ ఉన్నది. కొండ ఉంటే కథకు గుర్తుగా ఉంటుంది. తన కోసం తాను ఉండదు. సాహిత్యం సంగతీ అంతే. అష్టాదశ వర్ణనల్లో శైలవర్ణన ఒకటి గనుక ప్రబంధకవి కొండను వర్ణించి తీరాలి. పెద్దన ప్రవరుణ్ణి మంచుకొండకు పంపించాడు. ఆ వర్ణన చదివి ఆనందించనివాడికి తెలుగు పాఠం చెప్పే అర్హత లేదు. కాని ఊరి పక్కన, ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టున్న బోడిగుండ్ల మీద మన కవి చూపు ఎక్కువసేపు నిలవలేదు. దూరపు కొండలు నునుపు అన్న సామెతను మన కావ్యసంప్రదాయం తు.చ. తప్పకుండా పాటించింది. కనుక దృశ్యచిత్రం విషయంలో 'మన పద్ధతి' అనేది పెట్టెలో దాచి ఉన్న సొమ్ము కాదు, సంపాదించుకోవలసిన సొమ్ము.

దాన్ని సంపాదించే పనికి పూనుకున్నవారిలో కొండపల్లి శేషగిరిరావును నేను ముందు చెబుతాను. 1924లో వరంగల్లు ప్రాంతపు పెనుగొండలో పుట్టి, హైదరాబాదులో చిత్రకళ నేర్చి, మెహదీ నవాజ్ జంగ్ ప్రోత్సాహంతో శాంతినికేతన్ వెళ్లి నందలాల్ బోస్ దగ్గర చదివి, తిరిగివచ్చి హైదరాబాదు లలితకళల కళాశాలలో తరాల విద్యార్థులకు పాఠం చెప్పి, 2012లో కన్నుమూశాడు. ఆయన పేరు చెప్పగానే శకుంతలా దమయంతులు గుర్తుకొస్తారు. నాకు ముఖ్యం అవి కావు. ఆయన శిలలు. దక్కను శిల ఆయనను జీవితకాలం వదలలేదు.

శాంతినికేతన్ అప్పటికి బెంగాలీ మసకను దాటివచ్చిన చోటు. నందలాల్ 1924లో రవీంద్రునితో చైనా చూసివచ్చాడు. వినోదవిహారి ముఖర్జీ బీర్‌భూమ్ ఎర్రమట్టిని, ఎండిన బీళ్లను సాగిన గీతలతో పట్టుకున్నాడు. 1939లో షూ బెయ్‌హోంగ్ రవీంద్రుని పిలుపు మీద అక్కడికే వచ్చి, కొన్ని నెలలున్నాడు. అంటే పెనుగొండ కుర్రవాడు చేరిన బడి అప్పటికే తూర్పు పడమరల గీతలు కలిసిపోయిన బడి. అక్కడ నేర్చిన చెయ్యితో ఆయన మన రాతి ముందుకు వచ్చాడు. ఈ రాయి సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటిది. ఎండకూ వానకూ పొరలు ఊడి గుండ్రనైన రాయి. గొడ్డలి గీతకు లొంగదు, దీనికి కోణం లేదు. నార గీతకూ లొంగదు, మీద మట్టి లేదు. వాష్ మసకకూ లొంగదు, చుట్టూ తేమ లేదు. నేర్చినదాన్నంతా రాయి తిప్పికొట్టిన చోట చిత్రకారుడి సొంత పని మొదలవుతుంది. శేషగిరిరావు శిలల్లో నాకు కనిపించేది ఆ పెనుగులాట. గెలుపు ప్రతిసారీ ఆయనదే అని నేను అనను. కొన్నిచోట్ల శాంతినికేతన్ మృదుత్వం రాతి మీద పట్టు సడలించిందనే నా అభిప్రాయం. కాని అరువు తెచ్చిన పద్ధతి ఎప్పుడు సొంతమవుతుంది అన్నదానికి జవాబు అక్కడ దొరుకుతుంది. తెచ్చినవాడి నేల దాన్ని ఒప్పుకోక, మార్చి పంపినప్పుడు సొంతమవుతుంది. ఈ దృష్టితో చూస్తే అరువు తేవటం పాపం కాదు. తెచ్చినదాన్ని తెచ్చినట్టే వాడటం సోమరితనం.

ఇక మన ప్రశ్న: మనిషి ఏడీ? 1946 నుంచి 1951 దాకా తెలంగాణ పల్లెలు అగ్గి మీద ఉన్నాయి. గుట్టల చాటు, అడవి చాటు దళాలకు నీడ. ఆ కాలపు వరంగల్లు బిడ్డ రాళ్లు, శకుంతలలు వేస్తూ కూర్చోవటం పలాయనం కాదా? ఈ మాట నా విద్యార్థులు అడుగుతారు, అడగాలి కూడా. అయితే ఈ ప్రశ్నను ఆజ్ఞగా మార్చినప్పుడు ఏమయిందో కూడా వాళ్లు తెలుసుకోవాలి. దానికి మళ్లీ చైనా పోవలసిందే.

విప్లవ చైనా కూడా కొండను వదలలేదు. 1959లో ఫూ బావోషీ, గువాన్ షాన్‌యువే కలిసి బీజింగ్ ప్రజా మహాసౌధం కోసం బ్రహ్మాండమైన దృశ్యచిత్రం వేశారు. దాని మీద శీర్షిక మావో చేతిరాత. అదే ఏడాది షీ లూ 'ఉత్తర షాన్‌షీలో పోరాటం' వేశాడు. షీ లూ కమ్యూనిస్టు, యేనాన్‌లో పనిచేసినవాడు, 1955లో ఢిల్లీ ప్రదర్శనలో చైనా మంటపం పని మీద మన దేశానికీ వచ్చిపోయాడు. పాత గీతల్లో పేరులేని ఎర్రమట్టి కొండలకు కొత్త గీత కనిపెట్టినవాడు. చిత్రంలో ఆ కొండల ముందు అంచు మీద మావో చిన్న రూపంగా, ఒంటరిగా నిలబడి ఉన్నాడు. కొన్నేళ్లకు, 1964లో, ఆ అంచుకే తప్పుపట్టారు. నాయకుణ్ణి దారిలేని చోట నిలబెట్టాడని నింద. చిత్రాన్ని తీసేశారు. సాంస్కృతిక విప్లవంలో షీ లూ మనసు చెదిరేదాకా హింస పడ్డాడు. తూర్పు పడమరల మధ్య దూరం కోరిన పాన్ తియాన్‌షో ఆ హింసలోనే 1971లో పోయాడు. రెంటినీ కలిపిన లీ కెరాన్ చిత్రాలు 1974లో బీజింగులో 'నల్ల చిత్రాల' ప్రదర్శనలో దోషులుగా వేలాడాయి. దూరం కోరినవాడినీ, కలిపినవాడినీ, చిత్రంలో మనిషిని, అందులోనూ నాయకుణ్ణే, పెట్టినవాడినీ ఒకే గాటన కట్టేశారు. మనవాళ్లలో దీన్ని చెప్పటానికి నీళ్లు నమిలేవాళ్లున్నారు. నమలనక్కర లేదు. బాకీని అడిగే హక్కు కొండ కింద బతికేవాళ్లకున్నది, కమిటీకి లేదు. అడగటం వేరు, తాఖీదు పంపటం వేరు.

పైగా మనిషి దృశ్యంలో ఉన్నాడా లేడా అని వెతకటంలో ఒక తెలివితక్కువతనం ఉన్నది. మల్లాపూర్ చుట్టుపక్కల చెరకు తోటలను ఎవరైనా పాతికేళ్ల కింద చిత్రించి, మళ్లీ ఇప్పుడు అదే చోట కూర్చుంటే అదే చిత్రం రాదు. ఋతువు మారి కాదు. 2015 డిసెంబరులో ముత్యంపేట చక్కెర కర్మాగారం మూతపడింది గనుక. కర్మాగారం గేటుకు తాళం పడితే చేను రంగు మారుతుంది. పోచంపాడు కాలువ రాకముందటి మెట్ట, వచ్చిన తర్వాతి పచ్చదనం, గల్ఫ్ డబ్బుతో లేచిన డాబాలు, బీడీలు చుట్టే అరుగులు: వీటిలో ఏది ప్రకృతి, ఏది మనిషి? దృశ్యంలో మనిషి బొమ్మ లేకపోయినా మనిషి చేసిన పని ఉన్నది, అతనికి జరిగినది ఉన్నది. 1978 సెప్టెంబరు 7న జగిత్యాల జైత్రయాత్రలో నడిచిన రైతుకూలీలు దొరల చేతిలోని బంజరు భూములు అడిగారు. పటంలో గీస్తే బంజరు ఒక ఖాళీ. అడిగినవాళ్లకు అది ఖాళీ కాదు.

గుట్ట కూడా అటువంటిదే. ప్రబంధంలో అది శైలం. రెవిన్యూ దస్తరంలో పోరంబోకు. గొర్లకాపరికి మేత. ఇప్పుడు దానికి ఇంకొక పేరు వచ్చింది: బ్లాకు. కరీంనగరు ప్రాంతపు గోధుమవన్నె గ్రానైటును ప్రపంచ విపణిలో 'టాన్ బ్రౌన్' అంటారు. గుట్టను నిలువునా కోసి, దిమ్మెలు చేసి, కరీంనగరు స్టేషనులో గూడ్సు బండ్లకెక్కించి, కాకినాడ వంటి రేవుల మీదుగా ఓడల్లో పంపారు. ఎక్కువగా పోయింది ఎక్కడికి? చైనాకు. ఏ దేశపు చిత్రకళకు కొండే ప్రాణమని ఇంతసేపు చెప్పుకున్నామో ఆ దేశానికే మన కొండలు పలకలు కావటానికి పోయాయి. 2022 నవంబరులో ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ వాళ్లు ఇక్కడి ఎగుమతిదారుల దగ్గర సోదాలు చేసి, రాయల్టీ కట్టినదానికన్న ఎక్కువ రాయి దేశం దాటిందన్నారు. మనం శేషగిరిరావు గీత బెంగాలీదా, చైనాదా అని తర్కించుకుంటున్న కాలంలోనే జరిగిన వ్యాపారమిది.

సరిగ్గా ఇక్కడ ఒక చిక్కు. షూ బెయ్‌హోంగ్ మన దేశంలో ఉండగా, 1940లో, డార్జిలింగులో 'యూ గోంగ్ కొండను తొలగించటం' అనే పెద్ద చిత్రం వేశాడు. ఇంటి ముందు అడ్డుపడిన కొండలను తరతరాలుగానైనా తవ్వి పారేస్తానన్న ముసలివాడి కథ అది. బొమ్మల్లో తవ్వేవాళ్లకు మన దేశపు మనుషులే నమూనాలు. 1945లో మావో ఆ కథనే తీసుకొని, ఆ కొండలు సామ్రాజ్యవాదం, భూస్వామ్యం అన్నాడు. అంటే అభ్యుదయ సాహిత్యంలో కొండను తవ్వటం ఘనకార్యం! మరి మన క్వారీలో తవ్వే మనిషిని ఏమందాం? బయటి రాష్ట్రాల నుంచి వచ్చి, దుమ్ము మింగి, రాయి దొర్లితే కాళ్లు పోగొట్టుకునే కూలీ కూడా కష్టజీవే. గుట్ట అందంగా ఉన్నది, ముట్టుకోవద్దు అని అతనికి చెప్పటానికి నాకు నోరు రాదు. హైదరాబాదు బంగళాలో కూర్చొని శిలాసౌందర్యం గురించి కన్నీరు పెట్టేవారి పక్షాన నేను లేను. తేడా ఎక్కడున్నదంటే, యూ గోంగ్ కొండ తవ్వింది తన ఊరికి దారి కోసం. ఇక్కడ తవ్వినదానిలో ఊరికి మిగిలింది గుంత. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. ఇక్కడ ఆ ఎలుక కూడా ఊరివాళ్లకు దక్కలేదు.

ఈ వెలుగులో శేషగిరిరావు శిలలను మళ్లీ చూడండి. వేసిన నాడు అవి మనిషి లేని చిత్రాలు. వాటిని పలాయనమని కొట్టిపారేయటం ఆనాటి విమర్శకుడికి తేలిక. ఇప్పుడు అటువంటి గుండ్లు ఎన్నో లేవు. చిత్రం మారలేదు, బయట జరిగినది దాని అర్థాన్ని మార్చింది. ఇక్కడ ఇది ఉండేది అని చెప్పే సాక్షి అయింది. ఆయన బాకీ తీర్చాలని అనుకున్నాడో లేదో నాకు అనవసరం. శ్రద్ధగా చూడటమే, అలవాటైన గీతతో సరిపెట్టుకోకుండా ఎదుట ఉన్నదాన్ని చూడటమే, బాకీలో పెద్ద భాగం. మిగిలిన భాగం మాత్రం చూపుతో తీరదు. దాన్ని ఆయన శిలలు తీర్చలేదనే నేను అంటాను. సిద్దిపేట కాపు రాజయ్య (1925–2012) నకాషీ రంగులనూ రేఖలనూ కొత్త చదువుతో కలిపి వడ్డెర స్త్రీని చిత్రించాడు. రాయి కొట్టి బతికే కులం అది. ఒకరు రాతిని వేశారు, ఒకరు రాయి కొట్టే ఇంటి స్త్రీని వేశారు. ఈ ఇద్దరూ ఒకే చట్రంలోకి రావటం ఇంకా మిగిలే ఉన్నది.

తెలుగు చెప్పేవాణ్ణి గనుక ఒక సంగతి చెప్పక తప్పదు. కరీంనగరుకు దగ్గరలో, గంగాధర మండలం కురిక్యాల పక్కన బొమ్మలమ్మ గుట్ట ఉన్నది. పదవ శతాబ్దంలో, పంప మహాకవి తమ్ముడు జినవల్లభుడు ఆ బండ మీద మూడు భాషల్లో శాసనం చెక్కించాడు. అందులో తెలుగు కంద పద్యాలున్నాయి. మన భాష ప్రాచీనతకు మనం చూపించుకునే ఆధారాల్లో అదొకటి. ఆ గుట్టకు కూడా గ్రానైటు తవ్వకాల బెడద తప్పలేదు. కాపాడమని స్థానికులు, చరిత్రకారులు గోల పెట్టవలసి వచ్చింది. బండ మీద పద్యం ఉన్నది గనుక గోల పెట్టటానికి ఒక సాకు దొరికింది. పద్యం లేని గుట్టల తరఫున సాకు ఎవరు వెతుకుతారు?

చిత్రకళ నేర్చే మా జిల్లా పిల్లలు ఇప్పటికీ పరీక్షకు దృశ్యచిత్రమంటే రెండు కొండల మధ్య సూర్యుణ్ణి, కింద కొబ్బరిచెట్టునూ వేస్తారు. అవి ఏ నేల మీది కొండలో నాకు తెలియదు. జగిత్యాలవి మాత్రం కావు. ఇక్కడి గుట్ట ఇప్పుడు వేరేగా ఉన్నది. ఒక పక్క పాత గుండ్రదనం. ఇంకో పక్క గోడలా నిలువుగా కోసిన ముఖం, దాని మీద డ్రిల్లింగు మిషను వరసగా దింపిన సన్నని నిలువు చారలు, అడుగున గుంతలో నిలిచిన ఆకుపచ్చ నీళ్లు. కొండా ఉన్నది, నీరూ ఉన్నది. ఆ నిలువు చారను పట్టుకోవటానికి గొడ్డలి గీత పనికివస్తుందా, నకాషీ రేఖ పనికివస్తుందా, లీ కెరాన్ ఎదురెండ పనికివస్తుందా అన్నది ఆ పిల్లల్లో ఒకరు కాగితం పట్టుకొని గుంత అంచుకు పోయి కూర్చుంటే గాని తేలదు. అక్కడ కూర్చోబెట్టి నేర్పే డ్రాయింగు మాస్టర్లు మన బడుల్లో ఎంతమంది ఉన్నారన్నది వేరే సంగతి.